విప్పని మూట

దుప్పటి బండకేసి కొట్టిన ప్రతిసారీ నాగమణి రేవు గట్టు వైపు చూస్తోంది. గట్టు మీద ఖాకీ నిక్కర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. కాలువలో మోకాలి లోతు నీళ్ళు ఎండకి గోరువెచ్చబడ్డాయి. పొద్దున్నుంచీ ఇంత గంజి కూడా తాగలేదు. చెయ్యి ఆడుతోందే గాని మనసు బండ దగ్గర లేదు.

కొమ్మరాజులంకలో నిన్న సాయంత్రం మనిషి చచ్చిపోయాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపు తీసే సత్తియ్య. పెద్దింటి గంగాధరరావు కొబ్బరితోటలో, దింపిన కాయల రాశి పక్కనే, కడుపులో కత్తిపోటుతో పడి ఉన్నాడు. అతని జతగాడు పేతురు అతన్ని భుజాన వేసుకుని పడవల రేవుదాకా పరిగెత్తాడు. పడవ నడి ఏట్లో ఉండగానే సత్తియ్య ప్రాణం పోయింది. ఒంటినిండా నెత్తురుతో పడవ దిగిన పేతురుని, ఆ చొక్కాతో సహా, పోలీసులు పట్టుకుపోయారు.

"మొన్న కల్లు దగ్గర ఇద్దరూ దెబ్బలాడుకున్నారండి. నేను కళ్ళారా చూసేను" అని గంగాధరరావు తోట పెత్తందారు బుచ్చిరాజు వాంగ్మూలం ఇచ్చాడు.

చెట్టుకి ఇరవై పైసలున్న దింపు కూలి పావలా చెయ్యమని సత్తియ్య అడిగిన సంగతి, చేసేదాకా మిగిలిన చెట్లెక్కనని కత్తి పాతి కూర్చున్న సంగతి బుచ్చిరాజు చెప్పలేదు. హెడ్డు కానిస్టేబులు అడగనూ లేదు. ఈ పొద్దున హెడ్డుగారు పద్ధతి ప్రకారం పెద్దింట్లో కూడా సోదా చేశారు. రెండు బొండాలు తాగి, ఇల్లంతా ఓ చుట్టు చుట్టి, దొడ్లోకి వచ్చారు. దడి మేకుకి ఓ మూట వేలాడుతోంది. మాసిన బట్టల కోసం వచ్చిన నాగమణి అప్పుడక్కడే ఉంది.

"ఏంటయ్యా ఆ మూట?"

"మైలండి. కోడలుగారు బయటున్నారు" అన్నాడు బుచ్చిరాజు.

హెడ్డుగారు తుపుక్కున ఉమ్మేసి, మూడడుగులు పక్కకి జరిగి వెళ్ళిపోయారు. పోలీసైనా, ప్లీడరైనా మైలమూట ముట్టుకునే మగాడు కోనసీమలో లేడు. మగాళ్ళ దాకా ఎందుకు? ఆడాళ్ళూ ముట్టరు. అది చాకలిదే ముట్టాలి.

ఆ మూటని ఎప్పుడూ దడికి వేలాడదీసి ఊరుకునే సూర్యావతమ్మ, గంగాధరరావు తల్లి, ఈవేళ స్వయంగా దొడ్డిగుమ్మం దాకా వచ్చింది.

"నాగమణీ, విప్పకుండా ముంచెయ్యి. బాగా నానాలి. ముందు దీని పని చూడు."

"ఆయ్, అలాగేనండి" అంది నాగమణి.

విప్పకుండా ముంచడం కొత్తేమీ కాదు. మైలమూటని ముడితో సహా నీళ్ళలో ముంచి, పైన రాయి పెట్టి, నీరు తేటపడ్డాకే ముడి విప్పాలని ఆమెకు అత్త నేర్పింది. అత్తకి వాళ్ళత్త నేర్పింది. ఎండు నెత్తురు చేతికి తగలకూడదు. ఆ మాట చెప్పడానికి అమ్మగారు గుమ్మందాకా రావడమే కొత్త.

దుప్పటి పిండి పక్కన పడేసి, నాగమణి మూట అందుకుంది. నీళ్ళ మీదకి వంగి, ఆగింది.

ఈ ఊళ్ళో ఏ ఇంటి ఆడకూతురు ఎప్పుడు బయట చేరుతుందో నాగమణికి నోటికి తెలుసు. ఎవరి నెల తప్పిందో వాళ్ళ మొగుళ్ళకన్నా ముందు తెలిసేది ఆవిడకే. పెద్దింటి కోడలు సూర్యకాంతం అమావాస్యకి ముందు బయట చేరింది. ఇంకా పున్నమే రాలేదు. ఇప్పుడు మళ్ళీ ఈ మూటేమిటి?

'మళ్ళీ కడుపు పోయిందా ఏంటి కొంపదీసి?'

సూర్యకాంతానికి రెండు కాన్పులు నెలలు నిండకుండానే పోయాయి. రెండుసార్లూ ఆ బట్టలు ఉతికింది నాగమణే. ఇది మూడోది అయితే ఆ పిల్ల బతుకుతుందా? ఎంత పోయిందో చూస్తే తెలుస్తుంది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని అమ్మగారికి ఓ మాట చెప్పొచ్చు.

అత్త నేర్పిన పద్ధతి పక్కనపెట్టి, నాగమణి పొడిమూట ముడి విప్పింది.

పైన పాత చీరముక్క. దానికేమీ లేదు. లోపల టెర్లిన్ చొక్కా, తెల్లది. కుడిచెయ్యి మోచేతిదాకా, ముందు భాగం బొత్తాల పట్టీ పొడుగునా నెత్తురు గడ్డకట్టి అట్టలా బిగుసుకుపోయి ఉంది. నాగమణి కాలరు తిరగేసి చూసింది. మూడు చుక్కలు, కింద ఓ అడ్డగీత. నల్లజీడి రసంతో తను పెట్టిన గుర్తే. ఊళ్ళో ఇంటికో గుర్తు, మనిషికో తేడా. మూడు చుక్కల కింద గీత గంగాధరరావు చొక్కాలకి మాత్రమే పెడుతుంది.

ఒక్క మునక. ఒక్కటంటే ఒక్కటి. అంతటితో ఈ నెత్తురు కాలువలో కలిసిపోయేది. చేపపిల్లలకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

నాగమణి చొక్కాని మడత నలగకుండా చీరముక్కలో చుట్టి, ముడి బిగించి, తడి బట్టల గంప మీద కాకుండా విడిగా చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

*

"ఉతికి పారెయ్యవే! మన పనే ఉతకడం. ఎవడి నెత్తురో, ఏంటో మనకెందుకు?"

నాగమణి మొగుడు అప్పారావు గొంతు తగ్గించి అరుస్తున్నాడు. కొబ్బరిచిప్పల బొగ్గులు ఇస్త్రీపెట్టెలో ఎర్రగా కణకణలాడుతున్నాయి. పెట్టె కింద ఎవరిదో పంచె కమురు వాసన వేస్తోంది. అతనికి ఆ ధ్యాస లేదు.

"పంచె మాడుతోంది, సూసుకో."

"పంచె మాడితే తిడతారు. ఇది బయటపడితే మన కొంప మాడ్చేస్తారు. ఏడాది పొడుగునా పెద్దింటోళ్ళు కొలిచే గింజలే మనకి ఆధారం. తెలుసా నీకు?"

"తెలుసు. ఉతికేస్తే పేతురన్న ఏమవుతాడో అదీ తెలుసు."

అప్పారావు పంచె మీంచి పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. పక్క పేటలోంచి పేతురు పెళ్ళాం ఎలీసమ్మ ఏడుపు గాలి మళ్ళినప్పుడల్లా వినిపిస్తోంది.

మూడేళ్ళ కిందట నాగమణి కాన్పు అడ్డం తిరిగితే, వానలో పడవ వేసి ఆవలి గట్టుకి చేర్చి, అమలాపురం ఆస్పత్రిదాకా వచ్చింది పేతురే. నెత్తురు ఎక్కించాలన్నారు. అప్పారావుది సరిపడలేదు. "పోనీ నాది సూడండి డాక్టరుగారూ" అని పేతురు చెయ్యి చాపాడు. సరిపోయింది. "మీ ఇద్దరిదీ ఒకటే గ్రూపమ్మా, బి గ్రూపు" అని నర్సు చెప్పింది. నెత్తురులో కూడా రకాలుంటాయని, ఆ రకాలు కులాన్ని బట్టి పోవని నాగమణికి తెలిసింది ఆ రోజే. ఊరికొచ్చాక నెలరోజులు ఆటపట్టించారు జనం. 'నాగమణికి సగం బాప్తిస్మం అయిపోయిందిరోయ్' అనేవాళ్ళు. పేతురు పగలబడి నవ్వి, "ఆదివారం గుళ్ళోకి రా చెల్లెమ్మా, మిగతా సగం పాస్టరయ్యగారు చూసుకుంటారు" అనేవాడు.

"మన స్టేషనుకి ఇస్తే హెడ్డుగారే తిరిగి పెద్దింటికి పంపేస్తాడు. అమలాపురంలో పెద్ద ఇన్స్‌పెక్టరుగారు కొత్తగా వచ్చేరంట. ఆయనకిస్తాను" అంది నాగమణి.

"ఏరు దాటనిస్తారా నిన్ను?"

"మూట మైలది. ఎవరు ఆపుతారు?"

*

ఆపడానికి బుచ్చిరాజు ఉన్నాడు. తెల్లారేసరికి పడవల రేవులో, వేపపుల్ల నములుతూ.

"ఏం నాగమణీ, పొద్దున్నే పడవెక్కుతున్నావ్?"

"ఆవలి గట్టుకండి బుచ్చిరాజుగారూ."

"నిన్న అమ్మగారిచ్చిన మూట ఆరేసినట్టు కనబళ్ళేదు. అమ్మగారు అడగమన్నారు."

నాగమణి నెత్తిమీద మూట ఓసారి సర్దుకుంది.

"నానుతోందండి ఇంకా. మరక గట్టిది."

"మరి ఇదేంటి?"

"పురిటి మైలండి. చివరి పేటలోది. మన కాలువలో ముంచితే మీరే గదండీ కేకలేస్తారు? అందుకే ఏటి పాయలో ముంచుదామని పట్టుకెల్తన్నాను."

బుచ్చిరాజు పుల్ల నమలడం ఆపాడు. "విప్పు. చూద్దాం."

పడవలో ఉన్నవాళ్ళందరి కళ్ళూ ఇటు తిరిగాయి. నాగమణి మూట దించింది. ముడి మీద చెయ్యివేసి, రెండో కొస అతని ముఖానికి దగ్గరగా చాపింది.

"విప్పుతానండి. ఈ కొస కాస్త పట్టుకోండి. ముడి తడిసి బిగుసుకుపోయింది. పచ్చి పురుడండి, నిన్న రాత్రిదే."

బుచ్చిరాజు వెనక్కి దూకిన దూకుకి కాలు బురదలో దిగబడింది. వేపపుల్ల నీళ్ళలో పడింది.

"ఛీ ఛీ! అవతల పెట్టవే! ముఖమ్మీద పెడతావేంటి!"

"మీరే గదండీ విప్పమన్నారు?"

పడవలో ఎవరో కిసుక్కుమన్నారు. "రాజుగారికి పురుడొచ్చిందిరోయ్, పదండి" అన్నాడు పడవవాడు, తెడ్డు అందుకుంటూ. నాగమణి ఎక్కేసరికి జనం తోసుకుంటూ జరిగి, ఓ బల్ల బల్లంతా ఆవిడకి వదిలేశారు. అవతలి గట్టున బస్సులోనూ అంతే. 'మైల' అనగానే కండక్టరు వెనక సీటు మొత్తం ఖాళీ చేయించాడు. పుట్టి బుద్ధెరిగాక నాగమణి అంత విశాలంగా కూర్చుని ప్రయాణం చెయ్యడం అదే మొదటిసారి. కూర్చుందే గాని, దారిపొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి వెనకెవరైనా వస్తున్నారేమోనని చూస్తూనే ఉంది.

*

ఇన్స్‌పెక్టరు సుందరరావుకి నలభై దాటలేదు. మూట చూడగానే ఆయన కూడా కుర్చీ వెనక్కి జరిపాడు.

"అక్కడే పెట్టు, అక్కడే. ఏంటది?"

"మైల కాదండి బాబూ. మైలని చెప్పి తెచ్చేను. మనిషి నెత్తురండి. సత్తియ్యది."

చొక్కా విప్పి పరిచేసరికి సుందరరావు కుర్చీలోంచి లేచాడు. చాలాసేపు వంగి చూశాడు. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎందుకు విప్పావు, తడిసిందా, ఎండలో పెట్టావా అని గుచ్చి గుచ్చి అడిగాడు. కాలరు గుర్తు దగ్గర ఆగాడు.

"ఇది ఫలానా మనిషిదని కోర్టులో చెప్పగలవా?"

"నా చేత్తో పెట్టిన గుర్తండి. వాళ్ళ దండెం మీదున్న చొక్కా ఏదైనా తీసి చూసుకోండి."

"చొక్కా ఎవరిదో నువ్వు చెప్తావు. సరే. నెత్తురు ఎవరిదో ఎవరు చెప్పాలి?" అని సుందరరావు సిగరెట్ ముట్టించాడు. "హైదరాబాదులో ఉన్నారు చెప్పేవాళ్ళు. సత్తియ్య నెత్తురు సీసాలో పోసి పంపేం. ఈ చొక్కా కూడా పంపుతాం. కాని ఒకటి విను. ఈ మరక ఫలానావాడిదే అని వాళ్ళు చెప్పలేరు. ఫలానా గ్రూపు అంటారు. ఆ గ్రూపు కానివాళ్ళది కాదని మాత్రం గట్టిగా చెప్తారు."

నాగమణి ఆలోచించింది. "మా గుర్తుల్లాగే అన్నమాట. మూడు చుక్కల ఇళ్ళు రెండుంటే..."

"అంతే. అదే చిక్కు." ఆయన పొగ వదిలాడు. "ఇంకో చిక్కుంది. మైలమూటలో దొరికింది గదా? మా కోడలి నెత్తురే అంటారు వాళ్ళు. అప్పుడేం చేస్తావ్?"

"ఆ అమ్మ అసలు బయట లేదండి. ఆ రోజులు కావు."

"కోర్టులో అలా చెప్తే నవ్వుతారమ్మా. ఆవిడ నెత్తురు కూడా పరీక్షకి వెళ్ళాలి. సత్తియ్యదీ ఆవిడదీ వేరు వేరు గ్రూపులై, చొక్కా మీది మరక సత్తియ్య గ్రూపుకి సరిపోయిందనుకో, అప్పుడు వాళ్ళ మాట నిలవదు. కాని ఆవిడ ఇవ్వాలి. ఇవ్వనంటే బలవంతంగా సూది గుచ్చి లాగలేను. పెద్దింటి ఆడమనిషి."

"అడిగి చూడండి బాబూ" అంది నాగమణి.

*

ఆ మధ్యాహ్నం పెద్దింటి సావిడి నిండా జనం. ఇన్స్‌పెక్టరు వెంట ఆస్పత్రి నర్సు మేరీ తోలుసంచీతో వచ్చింది. హెడ్డు కానిస్టేబులు ఓ మూల నిటారుగా నిలబడ్డాడు, నిన్న తాగిన బొండాలు ఈవేళ అరగనట్టు. నాగమణి గుమ్మం కింద, మెట్టు పక్కన నిలబడింది. ఆవిడ చోటదే.

"చొక్కాలు పాతికుంటాయి నాకు. ఏది ఎవడు ఎత్తుకుపోయేడో!" అని గంగాధరరావు నవ్వాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ఉతికిన లాల్చీ తొడుక్కుని ఉన్నాడు. అదీ నాగమణి ఉతికిందే. "ఇన్స్‌పెక్టరుగారూ, ఆ చాకల్ది పేతురుగాడి మనిషండి. దాని ఒంట్లో వాడి నెత్తురుంది. ఊరందరికీ తెలుసు, అడగండి."

జనంలో గుసగుస లేచింది.

"ఉందండి" అంది నాగమణి మెట్టు దగ్గర్నుంచే. "ఉండబట్టే ఇయ్యాల ఇక్కడ నిలబడ్డాను. కాలరు మీద గుర్తు మాత్రం మీదండి."

సుందరరావు దండెం మీద ఆరిన చొక్కా ఒకటి తెప్పించి కాలరు తిరగేశాడు. మూడు చుక్కలు, అడ్డగీత. రెండు కాలర్లూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించాడు. గంగాధరరావు నవ్వు ఆగిపోయింది.

తలుపు చాటునుంచి సూర్యావతమ్మ ముందుకొచ్చింది.

"మగాళ్ళ మధ్య చెప్పించేరు, ఏం చేస్తాం. చొక్కా మావాడిదే. నెత్తురు మా కోడలిది. బయట చేరింది. తొందరలో చేతికందిన చొక్కా వాడుకుంది పిల్ల. ఆడవాళ్ళ మైల సావిట్లో పరిచి చూస్తున్నారు, మీకు అక్కచెల్లెళ్ళు లేరా బాబూ?"

జనం తలలు దించుకున్నారు. పక్కింటి మహాలక్ష్మమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. సుందరరావు కూడా ఓ క్షణం తడబడ్డాడు.

"అయితే ఓ పని చెయ్యండమ్మా. కోడలుగారి నెత్తురు కాస్త ఇప్పించండి. నర్సు వచ్చింది. పరీక్షలో మీ మాటే నిజమని తేలితే నేనే వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను."

"బయటున్న మనిషి స్నానమయ్యేదాకా గడప దాటదు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మాది ఆచారం ఉన్న ఇల్లు."

"నేను ముట్టుకోవచ్చు గదండీ" అంది నాగమణి. "చాకలిదాన్ని. నేను ఎళ్ళి అడుగుతాను."

కాదనడానికి సూర్యావతమ్మ నోరు తెరిచింది. ఏమని కాదంటుంది? తరతరాలుగా ఆ ఇంట్లో నడుస్తున్న ఆచారమే అది.

*

బయటగది దొడ్లో, పశువుల శాల పక్కన. తలుపు ఓరగా వేసి ఉంది. సూర్యకాంతం చాప మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది.

"ఇక్కడెందుకున్నారమ్మా? మీ రోజులు కావు గదా?"

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి కావాలి?" సూర్యకాంతం తల ఎత్తలేదు. "నిన్న తెల్లారుతూనే కూర్చోబెట్టేరు. పోలీసులొస్తే బయటున్నానని చెప్పమన్నారు. ఎందుకని అడిగితే చెంపమీద కొట్టేరు. సాయంత్రానికి అర్థమైంది."

నాగమణి సంగతంతా చెప్పింది. చొక్కా, గుర్తు, గ్రూపులు, నర్సు.

"నాదీ సత్తియ్యదీ ఒకటే గ్రూపైతే?"

"పేతురన్న పోతాడమ్మా."

"కాకపోతే?"

నాగమణి ఆమె మెడ వైపు చూసింది. ఈ పిల్ల మెడలో పుస్తెలున్నాయి.

"రెండు విధాలా ఓ మనిషిని నా నెత్తురే చంపుతుందన్నమాట" అంది సూర్యకాంతం. శాలలో గేదె తల విదిలించుకుంటే గంట మోగింది. "ఇంతకీ ఆ మూట ఎందుకు విప్పేవే? ఎప్పుడూ విప్పకుండా ముంచేస్తావు గదా. ముంచేసి ఉంటే నీకూ నాకూ ఈ గోల లేకపోను."

"మీకు మళ్ళీ కడుపు పోయిందేమోనని భయమేసిందమ్మా. ఎంత పోయిందో చూద్దామని విప్పేను."

సూర్యకాంతం మొదటిసారి తలెత్తి చూసింది. చెంపమీద వేళ్ళ వాతలు ఇంకా తేలి ఉన్నాయి.

"రెండుసార్లు పోయింది నాకు. ఈ ఇంట్లో ఎంత పోయిందని ఎవరూ అడగలేదు నాగమణీ."

సావిట్లోంచి గంగాధరరావు గొంతు పెద్దదవుతోంది. సూర్యకాంతం లేచింది. కొంగు దులుపుకుంది. బయటున్నవాళ్ళు నడిచే దొడ్డిదారిన కాకుండా తిన్నగా వంటింటి గడప తొక్కి లోపలికి నడిచింది.

సావిట్లో కోడలు ప్రత్యక్షమయ్యేసరికి సూర్యావతమ్మ గభాలున ఎదురెళ్ళింది. "ఏమే, ఎక్కడికే! లోపలికి నడు!" అంటూ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది.

సావిడంతా కొయ్యబారిపోయింది.

మహాలక్ష్మమ్మ చెంగు నోటిమీంచి జారిపోయింది. "అయ్యయ్యో, ముట్టేసుకున్నారేంటండీ సూర్యావతిగారూ! బయటున్న పిల్లని!"

సూర్యావతమ్మ చెయ్యి వదలాలో పట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. బయటున్న మనిషి నీడ పడితేనే తలారా స్నానం చేసే ఇల్లాలు ఆవిడ. కోడలు నిజంగా బయట చేరి ఉంటే ఆమడ దూరంలోనే ఆగిపోయేది. ఆగాలన్న సంగతి ఆ తొందరలో ఆవిడకి గుర్తు రాలేదు.

"తలమీద నీళ్ళు పోసుకోరా అత్తయ్యగారూ?" అంది సూర్యకాంతం మెల్లిగా.

అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

"కాంతం! లోపలికి పో!" అని గంగాధరరావు ముందుకు రాబోయాడు. సుందరరావు అడ్డంగా చెయ్యి పెట్టాడు. సూర్యకాంతం మొగుడి వైపు చూడలేదు. అరుగుమీద కూర్చుని, గాజులు పైకి తోసి, నర్సు ముందు చెయ్యి చాపింది.

"తీసుకోండి."

నర్సు మేరీ సూది గుచ్చింది. నల్లటి ఎరుపు గొట్టంలోకి ఎగబాకుతుంటే జనం మెడలు చాచి చూశారు. ఏ గ్రూపో చూస్తే తెలిసేదైతే ఎంత బాగుండును అనుకుంది నాగమణి. కాని అందరి నెత్తురూ ఒక్కలాగే ఉంది.

*

చొక్కా, సీసా లక్కముద్రలు వేయించుకుని హైదరాబాదు వెళ్ళాయి. వెళ్ళి ఊరుకున్నాయి. రిపోర్టు రావడానికి నెలలు పట్టొచ్చన్నారు. గంగాధరరావుని అరెస్టు చేశారు. ప్లీడరు రెండోవారంలోనే బెయిలు తెచ్చాడు. పేతురుకి బెయిలు పూచీ పడేవాళ్ళు లేరు. రాజమండ్రి జైల్లో ఉన్నాడు. ఎలీసమ్మ ఒలుపు పనికి పోయి, కొబ్బరికాయల పీచుడొక్కలు ఒలిచిన చేతులతోనే వచ్చి రోజూ అడుగుతోంది: "కాగితమొచ్చిందా వదినా?"

రాలేదు. పడవల రేవులో ఖాకీ కనిపించినప్పుడల్లా నాగమణి కూడా అదే అడుగుతోంది. రాత్రులు నిద్ర పట్టదు. సత్తియ్యదీ, ఆ అమ్మదీ ఒకటే గ్రూపైతే? ఆ ప్రశ్న దోమలా చెవి దగ్గర తిరుగుతూనే ఉంటుంది.

పెద్దింటివాళ్ళు, వాళ్ళ బంధువులు ఆవిడకి బట్టలు వెయ్యడం మానేశారు. పైఊరి చాకలిని సైకిలు మీద రప్పించుకుంటున్నారు. అతను మామూలు బట్టలు పట్టుకెళ్తాడు గాని మైల ముట్టడు. ఓ సాయంత్రం బుచ్చిరాజు వచ్చి గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు. ఈమధ్య అతను నాగమణికి మరీ దగ్గరగా రావడం లేదు.

"దడికి మూట వేలాడుతోంది. రెండ్రోజులైంది. అమ్మగారు పట్టుకెళ్ళమంటున్నారు. జరిగిందేదో జరిగింది, గింజలు మళ్ళీ ఎప్పట్లా కొలుస్తామన్నారు."

అప్పారావు ఆశగా పెళ్ళాం వంక చూశాడు. నాగమణి లెక్క వేసుకుంది. నిజమే, ఇవి సూర్యకాంతం రోజులే. ఈసారి మూట అబద్ధం కాదు.

"నేను పట్టుకెళ్ళనండి."

"అంటే?"

"ఇంక ఎవరి మైలా ముట్టనండి. పెద్దింటిదని కాదు. ఎవరిదీను."

"మరి ఎవరు ఉతుకుతారే?"

"ఎవరిది వాళ్ళే ఉతుక్కుంటారు. నీళ్ళు అందరికీ ఉన్నాయి గదండీ."

బుచ్చిరాజు వెళ్ళాక అప్పారావు కూలబడ్డాడు. "చంపేసేవే మమ్మల్ని" అన్నాడు. రాత్రంతా వాన కురిసింది. దడిమీద ఆ మూట తడుస్తూ ఉంటుందని నాగమణి అనుకుంది. లేచి వెళ్ళి తెచ్చెయ్యాలని కాళ్ళు లాగాయి. చాప అంచు గట్టిగా పట్టుకుని పడుకుంది.

తెల్లారి రేవులోకి దిగేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సూర్యకాంతం. చేతిలో మూట. నర్సుకి చెయ్యి చాపిన రోజునుంచీ ఆవిడ బయటగదిలోనే ఉంటోంది, నెలలో ముప్పై రోజులూ. పుట్టింటివాళ్ళు రాలేదు. గట్టు మీద నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆగిపోయారు.

"కాగితం వచ్చిందా?" అంది సూర్యకాంతం.

"లేదమ్మా."

"నాకూ నిద్ర పట్టడం లేదు."

ఆవిడ చీర మడిచి దోపుకుని నీళ్ళలోకి దిగింది. వాన నీటికి కాలువ ఎర్రమట్టి రంగులో, వడిగా పారుతోంది. రెండు చేతులా మూట పట్టుకుని, అలవాటు లేని మనిషి కదా, ముడితో సహా నీళ్ళ మీదకి వంచింది.

"ఇలాగేనా? ముంచెయ్యనా?"

నాగమణి జరిగి, బండ మీద సగం చోటు ఖాళీ చేసింది.

"ముందు విప్పండమ్మా."